నాన్నా పులి... మా ఇంటి సైరన్ కథ

తెనాలిలో మా ఇంటి సైరన్ మొదటిసారి మోగిన రాత్రి వీధి వీధంతా లేచింది. ఎదురింటి బాబాయ్ గారైతే కర్ర పట్టుకుని మరీ వచ్చారు. దొంగ దొరికాడు కూడా. బల్లి!

నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోందని, సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ నుంచి కిట్ తీసుకెళ్లి నేనే బిగించా. హాల్లో మోషన్ సెన్సర్, రెండు తలుపులకీ మాగ్నెట్ సెన్సర్లు, వరండాలో సైరన్, నా ఫోన్‌లో యాప్. ఇంజినీరింగ్ చదివినవాడికి మాన్యువల్ ఎందుకులే అనుకున్నా. అక్కడే బోల్తా పడ్డా.

నెలలో తొమ్మిదిసార్లు ఊరికే మోగింది. రెండోసారి బాబాయ్ గారు గేటు దగ్గర్నుంచే టార్చి వేసి చూశారు. మూడోసారి కిటికీ తెరిచారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. నేనేమైనా తక్కువ తిన్నానా? యాప్‌ని మ్యూట్‌లో పెట్టేశా.

పదోసారి రాత్రి రెండున్నరకి మోగింది. ఎవడో పెరటి తలుపు గడియ ఊడదీశాడు. సైరన్‌కి భయపడి గోడ దూకి పారిపోయాడు కాబట్టి సరిపోయింది. వీధిలో ఒక్క లైటూ వెలగలేదు. నేను చూసుకునేసరికి పొద్దున ఏడైంది. వెంటనే ఫోన్ చేశా.

"నీ ఫోన్‌కి వస్తుందన్నావుగా, చేస్తావని చూశాన్రా" అంది అమ్మ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆఫీసులో దీన్ని అలర్ట్ ఫెటీగ్ అంటాం. పనికిరాని అలర్ట్‌లు వంద వస్తే, పనికొచ్చేదాన్ని కూడా అలవాటుగా తీసేస్తాం. మనందరికీ చిన్నప్పుడే తెలిసిన 'నాన్నా పులి' కథే ఇది. అందుకే దొంగ అలారం చిన్న చికాకు కాదు. నిజమైన అలారాన్ని చంపేసేది అదే.

ఆ శనివారమే ఊరెళ్లి, ఈసారి మాన్యువల్ చదివా. తప్పులన్నీ నావే.

మోషన్ సెన్సర్ కెమెరా కాదు. మన ఒంటి వేడి నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్‌లో మార్పుని పట్టుకుంటుంది. నేను దాన్ని ట్యూబ్‌లైట్ పక్కన బిగించా. లైటుకి పురుగులు, పురుగులకి బల్లి, బల్లి పాకింది సెన్సర్ లెన్స్ మీద! పైగా ఎదురుగా పడమటి కిటికీ. ఎండ నేరుగా పడినా, కర్టెన్ ఊగినా, ఏసీ గాలి తగిలినా అది మోసపోవచ్చు. ఇప్పుడు కిటికీకి దూరంగా ఓ మూలన, ఏడడుగుల ఎత్తులో పెట్టా. పిల్లి ఉన్న ఇంట్లో పెట్ ఇమ్యూన్ రకం తీసుకోండి. కానీ పిల్లి బీరువా ఎక్కి సెన్సర్ ముందు కూర్చుంటే అదీ మోగుతుంది.

తలుపు సెన్సర్‌లో ఒక పక్క మాగ్నెట్, రెండో పక్క చిన్న స్విచ్. మధ్య దూరం పెరిగితే తలుపు తెరిచారనుకుంటుంది. మా పెరటి తలుపు గాలికి గడగడలాడేది. గడియ బిగించి, రెండు ముక్కల్నీ దగ్గరగా జరిపా.

అమ్మ రాత్రి మంచినీళ్లకి లేచినప్పుడల్లా ఎందుకు మోగిందంటే, ఇంట్లో మనుషులున్నా నేను 'అవే' మోడ్‌లోనే ఉంచా. 'హోమ్' మోడ్‌లో తలుపులు మాత్రమే కాపలా కాస్తాయి, హాల్లో హాయిగా తిరగొచ్చు. బయట్నుంచి వచ్చి కోడ్ కొట్టడానికి ఇచ్చే టైమ్‌ని కూడా అమ్మ నడకకి తగ్గట్టు 45 సెకన్లు చేశా. బ్యాటరీలు మార్చా. నెలకోసారి లెన్స్ తుడిచి, టెస్ట్ మోడ్‌లో నడిచి చూడటం ఇప్పుడు నా డ్యూటీ.

ఇక ముఖ్యమైన పని, బాబాయ్ గారింటికెళ్లి సారీ చెప్పడం. "ఈసారి మోగితే నేను వెంటనే అమ్మకి చేస్తా, ఎత్తకపోతే మీకు, మీరు అనుమానం అంటే 112కి" అని వరస రాసి ఫ్రిజ్ మీద అంటించా.

మూడు నెలలైంది. ఒక్కసారే మోగింది, అమ్మ కోడ్ మర్చిపోయి. నేను ఫోన్ చేసేలోపే బాబాయ్ గారు కర్రతో వచ్చేశారట. అది విన్నాక నాకు ఎంత నిశ్చింతగా అనిపించిందో!

మీ ఇంటి అలారం యాప్ మ్యూట్‌లో ఉందేమో, ఇప్పుడే ఓసారి చూసుకోండి.