వాస్కోడిగామా... ఊరా, మనిషా?

విజయవాడ మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కడిదాకా వెళ్తుందో తెలుసా? వాస్కోడిగామాకి! సాంఘికశాస్త్రంలో చదువుకున్న నావికుడి పేరే గోవాలో మోర్ముగావ్ ఓడరేవు పక్కనున్న ఊరికీ ఉంది. తమాషా ఏంటంటే, 1498లో ఆయన దిగింది గోవాలో కాదు, కాలికట్ దగ్గర. గోవాను 1510లో గెలిచింది అల్బుకెర్క్. వాస్కోడిగామా 1524లో కన్నుమూసింది కొచ్చిన్‌లో. అంతేనా, 1502లో మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడను నిలువునా తగలబెట్టించింది కూడా ఆయనే. పాఠాల్లో సముద్రమార్గం కనుక్కున్న సంగతే గుర్తుంటుంది, ఆ మంటలు కాదు. 1961లో పోర్చుగీసుల పాలన పోయింది, పేరు మాత్రం మిగిలింది. స్థానికులకది ఉత్త 'వాస్కో'. ఈసారి టికెట్ మీద ఆ పేరు కనిపిస్తే, ఓడెక్కిన మనిషితోపాటు ఓడలో కాలిపోయినవాళ్లనూ ఒక్కసారి తలచుకుందాం.