ఎనిమిదిలో ఆపితే పది గట్టెక్కుతారా?



పరీక్ష తప్పిన పిల్లల్ని మళ్లీ అదే తరగతిలో కూర్చోబెడితేనే చదువంటే భయభక్తులు ఉంటాయని ఈమధ్య చాలామంది అంటున్నారు. నా తోటి ఉపాధ్యాయులూ అంటున్నారు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఎనిమిదో తరగతిలో పిల్లవాణ్ణి ఆపితే వాడు పదికి తయారవడు, బడి మానేస్తాడు. ఇది కళ్లారా చూసి చెబుతున్న మాట.

విద్యాహక్కు చట్టం రాకముందు సంగతి. మా బడిలో ఒక కుర్రాడు ఎనిమిది తప్పాడు. లెక్కల పేపరు దిద్దింది నేనే. జూన్‌లో బడి తెరిచేసరికి వాడి చెల్లెలు ఏడు పాసై అదే గదిలోకి వచ్చింది. హాజరు పిలిచేటప్పుడు వాడి పేరు దగ్గర పిల్లలు కిసుక్కున నవ్వేవారు, ఆ పిల్ల తల దించుకునేది. కొన్నాళ్లకు వాడు నోరు తెరవడం మానేసి చెయ్యి మాత్రం ఎత్తేవాడు. దసరా సెలవుల తర్వాత రాలేదు. ఇంటికి వెళితే, "చెల్లెలి క్లాసులో కూర్చోలేనంటున్నాడు సార్, సెంట్రింగ్ పనికి పోతున్నాడు" అంది వాళ్లమ్మ. వాడికి రానివి భిన్నాలు. రెండో ఏడూ నేను అదే పుస్తకం, అదే వేగంతో చెప్పాను.

ఇది ఒక్క మా ఊరి కథ కాదు. అమెరికాలోని షికాగోలో 1996 నుంచి మూడు, ఆరు, ఎనిమిది తరగతుల్లో తప్పినవారిని ఆపేయడం మొదలుపెట్టారు. బ్రయన్ జేకబ్, లార్స్ లెఫ్‌గ్రెన్ అనే ఆర్థికవేత్తలు ఆ పిల్లల సంగతి పరిశీలించి 2009లో ప్రచురించారు. ఆరులో ఆపినవారికి హైస్కూలు పూర్తిచేయడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎనిమిదిలో ఆపినవారిలో మాత్రం చదువు మానేసేవారు పెరిగారు. అత్తెసరు మార్కులతో గట్టెక్కినవారినీ, కొద్దిలో తప్పినవారినీ పోల్చి చూశారు కాబట్టి 'రానివాళ్లు ఎలాగూ మానేస్తారు' అనే వాదన ఇక్కడ నిలవదు.

మన దగ్గర వయసు ఇంకా పెద్ద చిక్కు. ఎనిమిది తప్పేనాటికి పిల్లవాడికి 13 ఏళ్లు. మరో ఏడు ఆపితే 14 నిండుతాయి. బాలకార్మిక చట్టం 2016 సవరణ ప్రకారం 14 దాటినవారిని ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోవచ్చు. నిర్బంధ విద్య హక్కు కూడా 14 ఏళ్ల వరకే. సరిగ్గా ఆ వయసులో, పదికి ఇంకా రెండేళ్ల దూరంలో వాణ్ణి నిలబెడుతున్నాం. కూలి పిలుస్తుంటుంది, తరగతి గది సిగ్గుపడేలా చేస్తుంటుంది.

రాకపోయినా పైకి నెట్టేయమని నేననడం లేదు. భాగహారం రాకుండా తొమ్మిదికి వచ్చినవాడు పదిలో 35 మార్కులకు ఎంత నలిగిపోతాడో నాకు తెలుసు. 2024 డిసెంబరులో కేంద్రం సవరించిన విద్యాహక్కు నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది: ఐదు, ఎనిమిది తప్పినవారికి అదనంగా పాఠాలు చెప్పి, రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. మందు అక్కడుంది. అప్పటికీ తప్పితే ఆపేయాలన్న తర్వాతి మాటే వద్దంటున్నాను. ఆపాలా వద్దా అన్నది విద్యాహక్కు చట్టానికి చేసిన 2019 సవరణ రాష్ట్రాలకే వదిలింది. కాబట్టి మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆపే జోలికి పోకుండా, ఆ రెండు నెలల బోధనకు విడిగా టీచర్లను ఇవ్వాలి. చదవడం రానివారిని మూడో తరగతిలోనే పట్టుకోవాలి.

పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో, భిన్నాల దగ్గరో, చదివింది అర్థం చేసుకోవడం దగ్గరో, రాసిన కాగితం ఒకటి వాడితోపాటు పై తరగతి టీచరు చేతికి అందాలి. ఆ కుర్రాడి విషయంలో నేను అది రాయలేదు. మార్కుల కింద ఎర్రసిరాతో గీత గీసి ఊరుకున్నాను.

– విశ్రాంత గణితోపాధ్యాయుడు,
పల్నాడు జిల్లా