అడవిలో ఆ ఇల్లు ఎవరిది?

బాన్ ఈవేర్ మొదటి ఆల్బమ్ 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ ఎగో' గురించి రాసేవాళ్ళు పాటలతో మొదలుపెట్టరు. చలికాలంతో మొదలుపెడతారు. 2006లో జస్టిన్ వెర్నన్ అనే పాతికేళ్ళ యువకుడి బ్యాండ్ చెదిరిపోయింది. ప్రేమ తెగిపోయింది. జబ్బు చేసింది. నార్త్ కరోలినా వదిలి సొంత రాష్ట్రం విస్కాన్సిన్‌కి వెళ్ళి, అడవి మధ్య ఒక కేబిన్‌లో తలదాచుకున్నాడు. జింకను వేటాడి తిన్నాడు. దాదాపు మూడు నెలలు మంచులో ఒక్కడే ఉండి పాటలతో బయటికొచ్చాడు. ఆ తొమ్మిది పాటల ఆల్బమ్‌ను 2007లో తనే తెచ్చుకుంటే, 2008లో జాగ్‌జాగువార్ కంపెనీ లోకానికి వినిపించింది. ఆధునిక అమెరికన్ ఫోక్‌కి ఇదొక స్థలపురాణం అయి కూర్చుంది.

ఆ పాటలంటే నాకు ఇష్టం. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే పాటలు నచ్చక వచ్చిన కోపం అనుకుంటారు. మొదట మాటల్లేకుండా రాగాలు పాడుకుని, ఆ ధ్వనుల్లోంచే మాటలు ఏరుకున్నానని వెర్నన్ చెప్పాడు. అందుకే అర్థం తెలిసేలోపే అవి మనల్ని తాకుతాయి. తన గొంతునే పొరలు పొరలుగా పేర్చి, గది చప్పుడును కూడా చెరపకుండా వదిలి, మంచు కురిసే నిశ్శబ్దాన్ని వినిపించాడు. నా పేచీ పాటలతో కాదు. ఆ కథను పల్లకీలో మోస్తున్న విమర్శతో.

ఆ కేబిన్ అతని తండ్రిది. ఈ సంగతి ఎవరూ దాచలేదు. దాదాపు ప్రతి వ్యాసంలోనూ ఒక విశేషణంలా వచ్చి వెళ్ళిపోతుంది. ఆగి చూడాల్సిన చోటు అదే. తల మీద కప్పు ఉంది. తలుపు వేసుకుంటే తట్టేవాళ్ళు లేరు. వేళకి అన్నం కోసం ఎదురుచూసే వాళ్ళు లేరు. మూడు నెలలు కనిపించకపోతే 'ఏమైపోయాడో పాపం' అంటారు గానీ 'ఎక్కడ తిరుగుతోందో' అనరు. రాయాలంటే స్త్రీకి సొంత గదీ డబ్బూ కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లోనే లెక్క కట్టి చెప్పింది. అదే లెక్క పురుషుడికి ఎందుకు కట్టరు? అతని గదిని ప్రకృతి అంటారు, మౌనం అంటారు, తపస్సు అంటారు. ఆస్తి అని మాత్రం అనరు.

ఒక్కడే అన్న మాట కూడా పూర్తి నిజం కాదు. ఆల్బమ్‌లో ట్రంపెట్, ట్రాంబోన్ వాయించింది వేరేవాళ్ళు. వాళ్ళ పేర్లు ఆల్బమ్ వివరాల్లో ఉన్నాయి, కథలో లేవు. అయినా ఫోక్ అంటే జనం పాట కదా! జనం లేకపోవడమే దానికి యోగ్యతాపత్రం ఎప్పుడైంది?

ఇక ఎమ్మా. ఎమ్మా ఒక మనిషి కాదని, మనం చిక్కుకుపోయే ఒక చోటు, చెరిగిపోని ఒక నొప్పి అని వెర్నన్ వివరించాడు. విమర్శకులు తలలూపారు. కృష్ణశాస్త్రి ఊర్వశిని పాఠాలుగా చదివి, పాఠాలుగా చెప్పిన నాకు ఇందులో కొత్తేమీ కనిపించలేదు. స్త్రీ మనిషిగా ఉన్నంతకాలం ఆమెకీ చెప్పుకోవాల్సింది ఉంటుంది. చోటు అయిపోయాక ఆమెలో అతను నివసించవచ్చు, ఆమె మాట్లాడనక్కర్లేదు.

గొంతు సంగతీ చూడండి. పురుషుడు తన గొంతు దాటి పైస్థాయిలో పాడితే దానికి సున్నితత్వం, సాహసం, గాయపడ్డ మగతనం అని పేర్లు. అదే స్థాయిలో స్త్రీ పాడితే అది ఆమె గొంతు, అంతే. మన సహజం అతనికి సాధన.

ఇప్పుడు ఇంకో తొలి ఆల్బమ్. 1970లో కాప్ రికార్డ్స్ తెచ్చిన 'ప్యారలెలోగ్రామ్స్'. పాడింది, రాసింది లిండా పర్హాక్స్. బెవర్లీ హిల్స్‌లో ఒక దంతవైద్యుడి దగ్గర డెంటల్ హైజీనిస్టుగా రోగుల పళ్ళు శుభ్రం చేసేది. అక్కడికి వైద్యానికి వచ్చే సినీ సంగీతకారుడు లియొనార్డ్ రోజెన్‌మన్ ఆమె టేపు విని ఆల్బమ్ చేయించాడు. కంపెనీ దాన్ని పట్టించుకోలేదు. రికార్డు మీద అచ్చయిన ధ్వని విని ఆమెకే మనసు విరిగింది. మళ్ళీ క్లినిక్కుకే వెళ్ళిపోయింది. 1990ల చివర పునర్ముద్రణ వచ్చేదాకా దాన్ని కొద్దిమంది సేకర్తలే దాచుకున్నారు. రెండో ఆల్బమ్ 2014లో వచ్చింది. నలభై నాలుగేళ్ళు!

ఈ ఇద్దరి మీదా వాడే క్రియాపదాలు గమనించండి. అతను వెళ్ళాడు, వేటాడాడు, సృష్టించాడు. ఆమె మరుగునపడింది, దొరికింది, వెలికితీయబడింది. అతనివి కర్తరి వాక్యాలు, ఆమెవి పోగొట్టుకున్న వస్తువు గురించిన వాక్యాలు. అతని మూడు నెలలు ఏకాంతం. ఆమె నలభై నాలుగేళ్ళు ఒంటరితనం కూడా కాదు, ఖాళీ. ఆ ఖాళీలో ఆమె ఉద్యోగం చేస్తోంది. అద్దె కట్టే ఆ పనికి విమర్శలో 'విచిత్రమైన నేపథ్యం' అన్న చోటు మాత్రమే దక్కింది.

నేను పీహెచ్‌డీ చివరి అధ్యాయాలు రాస్తున్నప్పుడు ఒక పెద్ద అధ్యాపకుడు నాకు ఈ కేబిన్ కథే చెప్పి, "మూడు నెలలు ఎక్కడికైనా వెళ్ళి ఒంటరిగా కూర్చోమ్మా, అదే వస్తుంది" అన్నారు. నా కూతురికి అప్పుడు రెండేళ్ళు. అధ్యాయాలు రాత్రి పదకొండు దాటాక వంటింటి గట్టు దగ్గర పూర్తయ్యాయి. వైవా రోజున ఆయనే, "ఇల్లు చూసుకుంటూ కూడా రాసింది" అని నలుగురిలో మెచ్చుకున్నారు. ఆ 'కూడా' ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. నా వాదన మీద మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు.

పర్హాక్స్‌కి జరిగిందీ ఇదే. పళ్ళు శుభ్రం చేస్తూ కూడా పాడింది అని ఆశ్చర్యపోయాక, ఏం పాడిందో అడిగే ఓపిక ఎవరికీ మిగల్లేదు. ఆల్బమ్‌కి పేరిచ్చిన పాటను ఆమె ముందు ఒక బొమ్మగా, ఆకారాలు కదిలే నమూనాగా ఊహించుకుంది. జ్యామితి మాటలు గొంతు మీద గొంతుగా తిరుగుతూ వస్తుంటాయి. మధ్యలో పాట విడిపోయి, గిటారు మాయమై, ఊరూ పేరూ లేని శబ్దాల్లోకి జారిపోతుంది. కాసేపు అక్కడే ఉండి, మొదటి రాగంలోకి తిరిగొస్తుంది. వెర్నన్ పొరల గురించి పేజీలు రాసినవాళ్ళు ముప్పై ఏడేళ్ళ ముందటి ఈ పొరల గురించి ఎన్ని పేరాలు రాశారో లెక్క చూపించమనండి.