చొరవ ఉన్నచోట పాఠాలా?



విశ్వవిద్యాలయాలు వ్యాపార పాఠాలు చెబితే పల్లెలు బాగుపడతాయన్న గత సంచిక వ్యాసం ఉద్దేశం మంచిదే, దారే తిరగబడింది. టోగో రాజధాని లోమేలో 1,500 మంది చిరు వ్యాపారులతో చేసిన ప్రయోగం ఫలితాలు 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. పద్దులు, మార్కెటింగ్ నేర్పిన మామూలు శిక్షణ లాభాల్ని చెప్పుకోదగ్గంతగా పెంచలేదు. చొరవ తీసుకోవడం, అడ్డంకి వస్తే వేరే దారి వెతకడం సాధన చేయించిన శిక్షణ మాత్రం 30 శాతం పెంచింది. విచిత్రమేమంటే, మన కళాశాలలు ఎక్కువగా నేర్పేది ఆ మొదటి రకమే.

అది నగరం కదా అంటారా? నిజమే. అయితే తెలంగాణలో చేనేత సాగే ఆలేరు చూడండి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ నూలును దాదాపు 9 వేల సార్లు చేత్తో తిప్పాలి, భుజాలు పట్టేస్తాయి. తల్లి లక్ష్మి అవస్థ చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన చింతకింది మల్లేశం ఆ పని చేసే యంత్రాన్ని తయారుచేశారు. ఆయనకు చొరవ ఎవరూ నేర్పనక్కర్లేదు. కావలసింది పెట్టుబడి, విడిభాగాలు, పేటెంటు కాగితాలు చూసే మనిషి. అందరూ మల్లేశాలు కారన్నది న్యాయమైన అభ్యంతరమే. కానీ ఉన్నవాళ్లను కనిపెట్టేదెవరు? అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడిగా అనిల్ గుప్తా విద్యార్థుల్ని శోధయాత్ర పేరిట పల్లెలకు నడిపించింది అందుకే. మన ఎంబీఏ విద్యార్థులకూ మార్కులు ప్రాజెక్టు రిపోర్టుకు కాక, ఒక మగ్గం ఇంటికి బ్యాంకు రుణం తెచ్చిపెట్టినందుకు వేయండి.

— ఒక పాఠకుడు