బిల్లు అడగడానికి మొహమాటమెందుకు?

తొలకరి పడగానే విత్తనాల కొట్ల ముందు బల్లలు నిండుతాయి. కొట్టు యజమాని ముందు టీ తెప్పిస్తాడు. "మీ ఊరివాళ్లంతా ఇదే పట్టుకెళ్లారన్నా, నాలుగు ప్యాకెట్లే మిగిలాయి, డబ్బు పంటకు చూద్దాంలే" అంటాడు. ఇందులో బలవంతం ఏమీ లేదు. కాని టీ తాగిన మొహమాటం, వెనకబడతామన్న బెదురు, అరువిచ్చిన మనిషిని బిల్లు అడగలేని బిడియం కలిసి రైతు నోరు కట్టేస్తాయి. తీరా మొలక రాకపోతే పరిహారం అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

నగదుకైనా, అరువుకైనా బిల్లు ఇవ్వాలనీ, నిల్వలు, ధరల పట్టిక కొట్లో పెట్టాలనీ 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. బిల్లు అడగడం ఎవరినీ అవమానించడం కాదు. బిల్లు, ఖాళీ సంచి పంట ఇంటికి చేరేదాకా దాచుకోవాలి. టీ రుణం టీతోనే తీర్చవచ్చు, పొలంతో కాదు.