అతిమధురం డబ్బా మీద బీపీ మాట రాయాలి



కడుపులో మంట అంటే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది అతిమధురం. పచారీ కొట్లో పుల్లలు, ఆయుర్వేద దుకాణంలో చూర్ణం, సీసాల్లో సారం. మా పెద్దమ్మ రెండు నెలలు పూటకో చెంచా పాలల్లో కలుపుకు తాగింది. మంట తగ్గింది. కాళ్లు మాత్రం వాచాయి. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. గోలీ వేసుకుంటున్నా బీపీ దిగలేదు. చూర్ణం మాన్పించాక మూడు వారాలకు గాని మనిషి తేరుకోలేదు. డబ్బా తిప్పి చూశాం. చెట్టు పేరుంది, దాని గొప్పలున్నాయి, బీపీ ఊసు లేదు.

ఇది కొత్తగా బయటపడ్డ సంగతేం కాదు. 1940ల్లో నెదర్లాండ్స్‌లో రెవెర్స్ అనే డాక్టరు అతిమధురం సారంతో కడుపు పుండ్లు మానడం గమనించాడు. రోగుల్లో కొందరికి ఒళ్లు వాచడమూ ఆయనే గమనించాడు. 1960ల్లో బ్రిటన్‌లో అల్సర్‌కు వాడిన కార్బెనాక్సొలోన్ కూడా అతిమధురం నుంచి తయారైనదే. దానికీ అదే పేచీ. అతిమధురంలో కడుపు గోడకు కాపు కాసే పదార్థాల్లో ఒకటైన గ్లైసిరైజినే, మూత్రపిండాల దగ్గర ఉప్పును ఆపేసి పొటాషియంను బయటికి తోసేస్తుంది. పొటాషియం బాగా పడిపోతే కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పుతుంది. వాపు దిగాలని నీళ్ల మాత్ర వేసుకునేవాళ్లకు దెబ్బ మీద దెబ్బ.

గ్లైసిరైజిన్ తీసేసిన అతిమధురమూ దొరుకుతుంది. ఏ డబ్బాలో ఏదుందో కొనేవాళ్లకు తెలిసేదెలా?

ఐరోపాలో అతిమధురం మిఠాయిల్లో గ్లైసిరైజిన్ కిలోకు 4 గ్రాములు గాని అంతకు మించి గాని ఉంటే, బీపీ ఉన్నవాళ్లు ఎక్కువ తినొద్దని పొట్లం మీద వేయాలని 2004లోనే నిబంధన తెచ్చారు. చప్పరించే బిళ్లకే అంత జాగ్రత్త! నెలల తరబడి మింగే చూర్ణానికి అక్కర్లేదా? ‘మూలికేగా, ఏం చేస్తుంది’ అంటారు. పనిచేసే మూలిక కాబట్టే ఈ గొడవంతా.

అందుకే ఆయుష్ శాఖను అడుగుతున్నాం. అతిమధురం ఉన్న ప్రతి మందు మీద గ్లైసిరైజిన్ ఎంతుందో వేయించండి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు వైద్యుణ్ని అడక్కుండా వాడొద్దని తెలుగులో, కళ్లజోడు లేకున్నా కనబడే అక్షరాల్లో రాయించండి.

ఇంకో మాట. కడుపులో పుండుకు కారణం చాలావరకు హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి, లేదంటే రోజూ మింగే నొప్పి గోలీలు. పరీక్ష చేయించుకోకుండా చూర్ణంతో సరిపెట్టుకోకండి. మలం తారులా నల్లగా వస్తే ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.

ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాం. మీ ఇంట్లో ఉన్న డబ్బా మీది రాతను ఉన్నదున్నట్టు అక్కడ దించి, సంతకం చేసి మాకివ్వండి. అన్నీ కుట్టి ఆయుష్ శాఖకు పంపుతాం.