పాదరసాన్ని పొయ్యెక్కించే మేధావులకు...

"చిన్నప్పుడు థర్మామీటరు పగిలితే పాదరసం అరచేతిలో వేసుకుని ఆడుకున్నాం, మాకేమయిందండీ?" పాదరసం ప్రమాదం అని ఎవరన్నా అనగానే మన సాఫ్ట్‌వేరు జనాలు తీసే మొదటి అస్త్రం ఇదే. ఏమీ కాలేదు, నిజమే. ఒక్క బొట్టు, పైగా వేడి చెయ్యలేదు కాబట్టి! లోడ్ టెస్టు చెయ్యకుండా "నా మెషీన్లో పనిచేస్తోంది" అనేవాడి వాదనకీ దీనికీ తేడా ఏముంది?

ఆ నోటితోనే పాదరసంతో ఇంట్లో బంగారం తీసే వీడియోలు ఫార్వర్డు చేస్తారు. నా గొడవంతా దాని మీదే.

పాదరసం మింగితే ఒంటికి పట్టేది 0.01 శాతం కూడా ఉండదు. దాని ఆవిరి పీలిస్తే సుమారు 80 శాతం రక్తంలో కలుస్తుంది. అది మరిగేది 357 డిగ్రీల దగ్గర. కానీ మూసిన గదిలో 20 డిగ్రీలకే ఘనపు మీటరు గాలిలో 13 మిల్లీగ్రాముల దాకా చేరగలదు. అమెరికాలో నియోష్ సంస్థ ప్రాణాపాయమని గీసిన గీత 10. ఇక పొయ్యి మీద పెడితే? రంగుండదు, వాసనుండదు. ఎర్రర్ మెసేజీ రాని క్రాష్ అన్నమాట.

1989 ఆగస్టులో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, లింకన్ పార్కులో ఒకాయన వెండి కోసం పళ్ళ డాక్టర్లు వాడే అమాల్గం తెచ్చి ఇంటి బేస్‌మెంటులో కరిగించాడు. అందులో వెండితో పాటు పాదరసం ఉంటుంది. ఆవిరి గాలి గొట్టాల్లోంచి ఇల్లంతా పాకింది. కరిగించింది ఒక్కడు, పోయింది నలుగురు. వెంటిలేటర్లు పెట్టారు, పాదరసాన్ని బయటికి లాగే మందులూ ఇచ్చారు. ఎవరూ బతకలేదు. ఆ మందులు ఒంట్లో పాదరసాన్ని తగ్గిస్తాయేమో గానీ, కాలిపోయిన ఊపిరితిత్తుల్ని బాగుచెయ్యవు మరి.

"మాస్కు పెట్టుకుంటాం, ఫ్యాను వేస్తాం" అంటారా? దుమ్మునాపే మాస్కు ఆవిరినాపదు బాబూ. వంటింటి ఫ్యానుని నమ్మి పక్క గదిలో పిల్లల్ని పెట్టుకుంటారా?

ఇంకో తిరకాసుంది. కొన్ని గంటల్లో దగ్గు, చలిజ్వరం, ఆయాసం మొదలవుతాయి. అచ్చం ఫ్లూలాగే. పారాసెటమాల్ వేసుకుని పడుకుంటారు, ఈలోగా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే డాక్టరుకి చెప్పాల్సిన మొదటి మాట "జొరం" కాదు, "ఇంట్లో పాదరసం వేడి చేశాం" అని. పరువు పోతుందని దాచేవాళ్ళకి పరువే మిగులుతుంది.

ఆ వీడియో మీ గ్రూపులోకొస్తే లైకు కొట్టకండి. పంపినవాణ్ణి నిలదీయండి.